చెవి సముద్రం మోసిన మాట

గువో చెంగ్‌యీ కున్మింగ్ బస్సు డిపోలో ఇరవై రెండేళ్ళుగా బస్సుల వేళలు రాస్తున్నాడు. ఏ బస్సు ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, అదంతా ఆయన చేతిలో పని. సెలవుకి వచ్చినంత మాత్రాన ఆ చెయ్యి ఊరుకుంటుందా? సరస్సు ఒడ్డునున్న సీజౌలో బస దిగిన మొదటి సాయంత్రమే నాలుగు రోజులకీ వేళలు రాసి అద్దం పక్కన అంటించాడు. ఆరు నలభైకి లేవడం. ఏడు పదికి బియ్యపు సేమ్యా. ఏడు యాభైకి సైకిళ్ళు. పద్నాలుగేళ్ళ కొడుకు జేకై దాని కింద పెన్సిలుతో "ఎనిమిదీ ఐదుకి ఆనందించుట, మూడు నిమిషాలు" అని చేర్చాడు. గువో అది చూసి నవ్వలేదు, చెరపనూ లేదు.

నాలుగోరోజు కాగితంలో తొమ్మిదీ ఇరవైకి పడవ అని ఉంది. సరస్సుకి అవతలి ఒడ్డున ష్వాంగ్‌లాంగ్ అనే ఊరు చూసి రావాలి. సేమ్యా తింటూ గువో తనకి మోకాలు నొప్పిగా ఉంది, మీ ముగ్గురూ వెళ్ళి రండి అన్నాడు. ఏ మోకాలని భార్య పెయ్‌లాన్ అడిగింది. ఆయన కాస్త ఆలోచించి ఎడమది అన్నాడు.

పెద్దది సూయిన్‌కి ఆ మోకాలి సంగతి పట్టలేదు. దాని మనసంతా ఆ సాయంత్రం అయిదు గంటల మీదుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. పెద్ద పరీక్ష రాసింది, నాలుగు రోజుల కిందట మార్కులొచ్చాయి, బాగానే వచ్చాయి. ఏ ఊళ్ళో ఏ చదువు కావాలో వరసగా రాసి పంపాల్సిన పత్రానికి గడువు ఆ రోజు అయిదింటితో సరి. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా ఒక్క అక్షరం మారదు. సూయిన్ మొదటి వరసలో చెంగ్డూలో రాళ్ళ చదువు పెట్టింది. భూమి లోపల ఏ పొర ఎందుకు అలా పడుకుందో చెప్పే చదువు. పంపేసింది కూడా.

అంత తేలిగ్గా ఏం పంపలేదు. మార్కులు రాకముందునించే, పదిరోజులు ఇల్లు ఇల్లులా లేదు. కున్మింగ్‌లోనే ఉండి టీచరు చదువు చదవమని తండ్రి. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, 'వెన్'. కుదురుగా ఉండేది, కదలనిది, నెల తిరిగేసరికి అన్నం పెట్టేది అని దాని అర్థం. తండ్రీ కూతుళ్ళిద్దరిదీ ఒకటే రకం, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి పదకొండోరోజున గువో మాట్లాడడం మానేశాడు. అది ఒప్పుకోవడమే అనుకుంది సూయిన్.

ఆయనకి కారణం లేకపోలేదు. ఈ సరస్సు మీదికి వంగి నించున్న సాంగ్‌షాన్ కొండల్లోనే గువో తండ్రి చలువరాయి కోసేవాడు. ఎక్కణ్ణించో వచ్చి రాతి గని పక్కన రేకుల కొట్టంలో కాపరం పెట్టిన మనిషి. తెల్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని పదకొండేళ్ళు దగ్గి దగ్గి పోయాడు. అప్పటికి గువోకి పదహారేళ్ళు. అప్పట్నించి ఆయన రాయి అన్న మాట నోటితో పలకడు. ఇంట్లో చలువరాతి బల్లని తెల్లబల్ల అంటారు. కాగితాల మీద పెట్టుకునే గులకరాయిని బరువు అంటారు. పిల్లలకి అది వింతగా కూడా అనిపించదు, పుట్టినప్పట్నించీ అలాగే.

ముందురోజు తాడుబండిలో కొండెక్కినప్పుడూ ఆయన రాలేదు, కింద టీ కొట్లో కూర్చున్నాడు. పైన మబ్బుల్లో, తడి రాతి గోడలో ఒక తెల్లటి చార మీద సూయిన్ అరచెయ్యి పెట్టి చాలాసేపు నించుంది. రాత్రి భోజనాల దగ్గర దాని నోరు ఆగలేదు. ఆ చార ఒకప్పుడు సముద్రపు అడుగంట, గవ్వలట, నీళ్ళట. ఎప్పుడూ గిన్నె తుడిచినట్టు తినే తండ్రి ఆ రాత్రి సగంలో చేతులు కడుక్కున్నాడు. సూయిన్ అది చూసింది గానీ పట్టించుకోలేదు.

ఇక సరస్సు సంగతి. దాని పేరు ఎర్‌హై, చెవి సముద్రం. సముద్రం మొహం చూడని వాళ్ళు పెట్టిన పేరు. గోడలకి చెవులుంటాయని అంతటా అంటారు, ఇక్కడ ఆ చెవి నీళ్ళకే ఉంది. ఒడ్డున కూచుని ఎవరి గురించి మాట్లాడినా, వాళ్ళు గనక అవతలి ఒడ్డున నీళ్ళ పక్కన ఉంటే, ఒక కప్పు టీ తాగేంతలో ఆ మాట వాళ్ళ కాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. పక్కనున్న వాళ్ళకీ వినబడుతుంది. అందుకని ఇక్కడివాళ్ళు అత్తగారి మీద చాడీలు చెప్పుకోవాలంటే కొండెక్కుతారు.

వచ్చిన చిక్కల్లా నీళ్ళు మాటని చదును చేసేస్తాయి. వీళ్ళ భాషలో గొంతు పైకి లేపితే ఒక అర్థం, కిందికి దింపితే ఇంకో అర్థం. నీళ్ళలో పడి వచ్చేసరికి ఆ ఎత్తుపల్లాలు అరిగిపోతాయి. బస నడిపే దువాన్ అత్త ఆ కథ వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. రెండేళ్ళ కిందట తూర్పు ఒడ్డు సంతనించి ఆవిడ మొగుడు పందుల్ని 'మై' అన్నాడట. అమ్మెయ్యమని ఆయన భావం, కొనమని ఈవిడకి వినబడింది. రెండు పందులు నాలుగయ్యాయి. అందుకే మీకు రోజూ పంది మాంసం, తినండి, అంటుంది.

ఆ రోజు ష్వాంగ్‌లాంగ్‌లో తండ్రి రాసిన వేళలు మధ్యాహ్నానికే తప్పాయి. కాగితం ప్రకారం మూడూ నలభైకి వాళ్ళు ఊరి నడుమ ఎవరిదో పాత మేడ చూస్తూ ఉండాలి. కానీ నీళ్ళ మెట్ల దగ్గర యాంగ్ పిన్ని అనే ఆవిడ పాలపొరని నిప్పుల మీద కాల్చి, గులాబీ పాకం రాసి, పుల్లకి చుట్టి ఇస్తోంది. జేకై అది తినకుండా కదలనన్నాడు. పెద్ద వరస. తీసుకుని ముగ్గురూ మెట్ల మీద కూచునేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలు.

సూయిన్ కాళ్ళ కింద అల ఒకటి వచ్చి నిమ్మళించింది. అందులోంచి తండ్రి గొంతు.

"చెల్లీ, రాత్రే మార్చేశాను. పిల్ల పత్రంలో మొదటి వరసలో షీ పెట్టేశాను. నిన్న కొండ దిగినప్పుడు దాని మొహం చూశాను, ఇంక నావల్ల కాలేదు. అయిదు దాటితే గొడవే లేదు."

అవతలి ఒడ్డున కూచుని కున్మింగ్‌లో ఉన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఈ నీళ్ళ పక్కన పుట్టి పెరిగిన మనిషికి సరస్సు సంగతి తెలీక కాదు. తను రాసిన వేళల మీద ఆయనకి అంత నమ్మకం. మూడూ యాభైకి వాళ్ళు మేడ లోపల ఉంటారు, నీళ్ళ దగ్గర ఎందుకుంటారు?

"షీ అంటే రాయి కూడా కదా అక్కా," అన్నాడు జేకై మెల్లిగా. "ఉన్నదే మళ్ళీ పెట్టాడేమో."

గొంతు సమంగా పలికితే షీ అంటే టీచరు. పైకి లేపితే రాయి. నీళ్ళు ఏదీ చెప్పలేదు. కానీ సూయిన్‌కి ఫోను తీసి చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది, నాన్న నోట రాయి రాదు. అయినా తీసి చూసింది. ఆరు వరసలున్నాయి. ఆరూ టీచరే.

సూయిన్‌కి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. తండ్రికి ఫోను చేసింది, మోగి మోగి ఆగింది. పన్నెండుసార్లు చేసింది. పెయ్‌లాన్ చేసినా ఎత్తలేదు. ఆవిడ కూడా లోలోపల టీచరు ఉద్యోగమే మంచిదనుకున్న మనిషే. కానీ ఇలా దొంగచాటుగా చేస్తాడనుకోలేదు. "ఎడమ మోకాలట," అని పళ్ళు కొరికింది.

పత్రం మళ్ళీ మార్చాలంటే ఆరంకెలు కావాలి. అవి నమోదైన ఫోనుకి వస్తాయి. మూడేళ్ళ కిందట బళ్ళో చేర్చేటప్పుడు అందరిళ్ళలోలాగే తండ్రి తన నంబరే రాశాడు. వచ్చిన అంకెలు పది నిమిషాలే పనిచేస్తాయి. రోజుకి మూడుసార్లకి మించి రావు. పడవ నాలుగున్నరకి, అవతలికి చేరేసరికి అయిదు దాటి ఇరవై. సరస్సు చుట్టూ కారులో పోదామంటే ఈ సెలవుల రద్దీలో ఆరింటికి చేరితే గొప్ప.

సూయిన్ వరసలన్నీ తిరిగి సరిచేసింది. చెంగ్డూ, రాళ్ళు. అంకెలు పంపమని నొక్కింది. మెట్లు దిగి, చెప్పులు విడిచి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నించుని మాట్లాడింది. నీ ఫోనుకి ఆరంకెలొచ్చాయి, అవి నావి, నాకు చెప్పు అంది. డిపోలో ఎవరైనా నీకు తెలీకుండా బస్సుని వేరే దారి పట్టిస్తే ఊరుకుంటావా అంది. ఇంకా చాలా అంది. అందులో కొన్ని కూతురు తండ్రిని అనకూడనివి.

పది నిమిషాలు గడిచాయి. నీళ్ళు ఉత్త నీళ్ళలా ఒడ్డుకి కొట్టుకున్నాయి. ఆ అంకెలు చచ్చిపోయాయి.

యాంగ్ పిన్ని నిప్పులు విసురుతూనే ఇదంతా వింటోంది. పరాయివాళ్ళ గొడవలు వినీ వినీ అలవాటైపోయిన మనిషి. "అంకెలకి భయంలేదు అమ్మాయ్. ఎలా పలికినా ఏడు ఏడే, తొమ్మిది తొమ్మిదే. మేం బేరాలన్నీ నీళ్ళ మీదే చేస్తాం. కానీ చెప్పేవాడికి చెప్పాలనుండాలి," అంది.

అంతలో గొంతొచ్చింది. కోపంగా లేదు. బాగా అలిసిపోయి ఉంది.

"వెన్, సూయిన్. వెన్."

జేకై తల పట్టుకున్నాడు. నాన్న మళ్ళీ మొదలెట్టాడు, కుదురు, కుదురు, కుదురు అన్నాడు. సూయిన్ కూడా నోరు తెరిచింది, పదిరోజులూ ఇచ్చిన జవాబే ఇవ్వడానికి. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. గొంతు వంచి లేపితే వెన్ అంటే కుదురు. కిందికి దింపితే అడుగు.

"నాన్న అడగమంటున్నాడు," అంది.

"ఆయన అన్నది అది కాదే. నీకూ తెలుసు," అంది తల్లి.

"నాకు తెలిసింది పక్కన పెట్టమ్మా. నీళ్ళు ఇంతే తెచ్చాయి. గొంతు ఎత్తుపల్లం నేనే పెట్టుకుంటాను."

నాలుగూ ఇరవై. పక్క రేవులో పడవ మొదటి కూత వేసింది. పెయ్‌లాన్ పడవ వైపు చూసి, కూతురి వైపు చూసి, చేతిసంచీ మెట్టు మీద పెట్టి కదలకుండా కూచుంది. సూయిన్ రెండోసారి అంకెలు పంపమని నొక్కింది. ఈసారి అరవలేదు.

"నువ్వు అడగమన్నావుగా, అడుగుతున్నా నాన్నా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. తాతయ్య ఆ కొండని తిట్టేవాడా?"

గాలి దక్షిణంనించి కొడుతోంది, మాటకి ఎదురు. పడవ వెళ్ళిపోయింది. రెండోసారి వచ్చిన అంకెల గడువు కూడా తీరిపోయింది, సూయిన్ ఫోను వైపు చూడలేదు. తిట్టేవాడు, తిట్టి తిట్టి పోయాడు అంటే ఇంక ఏం చెప్పాలో దానికి తెలీదు.

"తిట్టలేదు," అంది నీళ్ళలో గొంతు.

ఆ తర్వాత గువో చెంగ్‌యీ మాట్లాడాడు. భార్య కూడా ఎన్నడూ విననన్ని మాటలు. అన్నీ చదునుగా, అరిగిపోయి వచ్చాయి, అయినా అర్థం కానిది ఒక్కటీ లేదు. మంచాన పడ్డాక కూడా ఆయన తండ్రి కిటికీ కొండవైపే తెరిచి ఉంచమనేవాడట. ఏ చార ఎటు పోతుందో వేలితో గాల్లో గీసి చూపించేవాడట. తిట్టింది కొండని కాదు, దుమ్మునీ కాదు.

"ఒకటే అనేవాడు. ఈ తెల్లది లోపలికి పోతే ఏమవుతుందో మాకొక్కడూ చెప్పలేదురా, మేమూ ఒక్కణ్ణీ అడగలేదురా అని. నేను పక్కనే ఉన్నా. పదహారేళ్ళవాణ్ణి. నేనూ అడగలేదు."

సూయిన్‌కి అప్పుడొచ్చింది ఏడుపు. తాతయ్య కోసం కాదు, ఆయన్ని అది చూడనే లేదు. ఇన్నేళ్ళు నోట్లో ఒక మాటని పలకకుండా పెట్టుకుని బస్సుల వేళలు రాసుకున్న మనిషి కోసం. మొహం సరస్సు నీళ్ళతోనే కడుక్కుంది. అయినా దాని పట్టు సడలలేదు. జాలి వేరు, చెంగ్డూ వేరు.

"అయితే ఆ అడిగేదాన్ని నేనవుతాను నాన్నా," అంది. "నేను కోసేదాన్ని కాదు. కొయ్యకముందే వెళ్ళి, ఇందులో ఏముంది, ఎక్కడ కొయ్యచ్చు, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు అని అడిగేవాళ్ళుంటారు. ఆ చదువే అది. టీచరుగా నేను కుదురుగానే ఉంటాను, నిజమే. నీకు కోపమొచ్చినా సరే, నాకది వద్దు. ఇప్పుడు నొక్కేది మూడోసారి. ఇంక రావు."

నాలుగూ నలభై ఆరుకి నొక్కింది. యాంగ్ పిన్ని పాలపొరలు అమ్మడం ఆపేసి వరసలో ఉన్నవాళ్ళని కాసేపు నోరు మూసుకోమంది. వాళ్ళూ మూసుకున్నారు, వాళ్ళలో సగంమంది ఇళ్ళలో ఆ ఏడు పెద్ద పరీక్ష రాసిన పిల్లలున్నారు. జేకై నీళ్ళలోకి వంగి చెవి తడిసేదాకా పెట్టాడు. నాలుగూ యాభై. నాలుగూ యాభై రెండు. అక్కడ ఆ మనిషి లేచి బసకి వెళ్ళిపోయి ఉంటే? నీళ్ళకి దూరంగా నాలుగడుగులు వేస్తే చాలు, ఏదీ వినక్కర్లేదు. సూయిన్ ఫోను తెర ఆరిపోకుండా వేలితో తడుతూనే ఉంది.

"ఏడు," అన్నాయి నీళ్ళు.

తర్వాత సున్నా. తర్వాత మూడు. ఇంకో మూడు. డిపోలో వేళలు చదివే గొంతు, ఒక్కో అంకెకీ నడుమ సరిగ్గా అంతే ఎడం. ఎనిమిది. జేకై ఒక్కొక్కటీ పైకి చెబుతున్నాడు, సూయిన్ నొక్కుతోంది.

ఆరోది రాలేదు.

నాలుగూ యాభై నాలుగు. గడువు ఇంకో రెండు నిమిషాలు. పెయ్‌లాన్ లేచి మెట్ల చివరికి వచ్చింది. అవతలి ఒడ్డున ఒక మనిషి ఒకే ఒక అంకెని పట్టుకుని కూచున్నాడని అందరికీ తెలుసు. ఆవిడ మొగుణ్ణి తిట్టలేదు, బతిమాలలేదు. "చెంగ్‌యీ, పిల్ల నీళ్ళలో నించుని గంటయింది," అంది అంతే.

ఆ మాట అవతలికి చేరిందో లేదో చెప్పలేం, అంత వ్యవధి లేదు.

"ఒకటి."

సూయిన్ నొక్కింది. తెర ఒక్క క్షణం తెల్లగా అయ్యింది, గుండ్రంగా తిరిగింది, తిరిగింది. పత్రం అందినట్టు వచ్చింది. మొదటి వరసలో చెంగ్డూ. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు, యాంగ్ పిన్ని వాళ్ళని కసిరింది. పని అయిపోయింది, ఇంక నీళ్ళలోంచి రమ్మని తల్లి చెయ్యి అందించింది. సూయిన్ కదల్లేదు. తండ్రి ఇంకేదో అంటాడని దానికి అనిపించింది.

అయిదు దాటాక వచ్చింది. ఒకటే మాట.

"మాస్కు."

వాళ్ళ భాషలో ఆ మాటని లేపి పలికినా, దింపి పలికినా, నీళ్ళు ఎంత అరగదీసినా, దానికి ఇంకో అర్థం లేదు. ముక్కుకీ నోటికీ కట్టుకునేది. దుమ్ములోకి వెళ్ళేవాళ్ళు కట్టుకునేది.

"పెట్టుకుంటాను నాన్నా," అంది సూయిన్. "రోజూ పెట్టుకుంటాను."

ఆ మాట అవతలి ఒడ్డుకి చేరడానికి ఒక కప్పు టీ తాగేంత సేపు పడుతుంది. అంతసేపూ అది నీళ్ళలోనే నించుంది.